పద్నాలుగో మచ్చ

వెట్స్‌లార్,
14 అక్టోబరు 2013

తమ్ముడు ఫోల్కర్‌కు,

నీ కవరు ఇవాళ పొద్దున్న అందింది. ఫొటో బయటికి తీసి చూశాను, కాఫీ కప్పు కింద పెట్టి మళ్లీ చూశాను. లియోబా జ్ఞానస్నానం రోజున ఆ భోజనాల గదిలో ఉన్నవి రెండు కొవ్వొత్తులు, మబ్బు పట్టిన ఒక్క కిటికీ. ఆ కాస్త వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నువ్వు తీసిన ఫొటోలో నా మనవరాలి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. లెక్కపెట్టాను కూడా. ముప్పై దాటాక వదిలేశాను.

మొదట నువ్వు మోసం చేశావనుకున్నాను. అందుకే మన పోటీ షరతులు ఇంకోసారి రాస్తున్నాను. లెన్సు ఒక్కటే, నాన్న వదిలిపోయిన యాభై మిల్లీమీటర్లది. ఆరు నెలలు నా దగ్గర, ఆరు నెలలు నీ దగ్గర. తీసే వస్తువు ఒక్కటే. ప్రింటు కొలత ఒక్కటే. ప్రింటు మీద చెయ్యి పడకూడదు. ఆ రోజు బల్ల మీద లెన్సు నా కెమెరా నుంచి విప్పి నీ దానికి బిగించింది నేనే కాబట్టి, ఇందులో మోసానికి చోటు లేదని ఒప్పుకుంటున్నాను.

చీకట్లో నీ కొత్త రకం సెన్సర్‌దే గెలుపు. నా పాతది వెలుతురు తగ్గి ఐఎస్ఓ ఆరువందల నలభై దాటిస్తే ఫొటో మీద ఇసుక చల్లినట్టు చేస్తుంది. అందుకే నేను లోపల ఎప్పుడూ ఫ్లాష్ వేస్తాను. కానీ రంగులు చూడు. నా కూతురు అల్ముట్ చేసిన రేగుపళ్ల కేకు నా ఫొటోలో రేగుపళ్లలాగే ఉంది, నీ దాంట్లో ఇటుక పొడిలా ఉంది. అల్ముట్ చెంపలు నా దాంట్లో చెంపలు, నీ దాంట్లో మైనం. కాబట్టి ఒకటి నీకు, ఒకటి నాకు.

నా ప్రింటు ఇందులో పెడుతున్నాను. చూసి నిజాయితీగా రాయి. ఫోన్ మాత్రం చేయకు, చెవి యంత్రం పెట్టుకున్నా ఫోనులో నీ గొంతు రేకు డబ్బాలో గులకరాళ్లలా వినబడుతుంది.

లియోబా ఇప్పుడు కుర్చీలు పట్టుకుని నిలబడుతోంది. ఒక చెడ్డ అలవాటు పట్టింది, తల వంకరగా పెట్టి చూస్తుంది. నేను ఎప్పటికప్పుడు గడ్డం పట్టి నిటారుగా తిప్పుతున్నాను. అల్ముట్ గారాబం ఎక్కువ చేస్తోంది, ఎవరో ఒకరు సరిచేయాలి కదా.

నీ అక్క,
గెర్లిండె


హూజుమ్,
20 అక్టోబరు

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ నవ్వుకున్నాను. నీ ప్రింటు భూతద్దం కింద పెట్టాక నవ్వు ఆగిపోయింది.

పాప కుడి కంట్లో ఫ్లాష్ మెరుపు సూదిమొనంత ఉంది. ఎడమ కంట్లో లేదు. అక్కడ పాపను, అంటే కంటిపాపను, ఎవరో కుంచెతో పూడ్చారు. గుండ్రంగా, శుభ్రంగా, వృత్తలేఖినితో గీసినట్టు. ఇంత చక్కగా పూడ్చగలిగే చెయ్యి మన ఇంట్లో ఒక్కటే ఉంది.

ప్రింటు మీద చెయ్యి పడకూడదని షరతు పెట్టింది ఎవరు? ముప్పై ఒక్క ఏళ్లు లెన్సుల ఫ్యాక్టరీలో తనిఖీ బల్ల దగ్గర కూర్చుని, గాజులో గాలిబుడగ కనిపిస్తే మేస్త్రీకైనా మొహం మీదే లెన్సు తిప్పికొట్టినదానివి. నువ్వా ఈ పని చేసింది? నేను చిన్నప్పుడు ఇంటిలెక్కల్లో ఒక అంకె దిద్దితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గుర్తుందా? నాకుంది.

పోటీలో నువ్వు ఓడిపోయావని అనడం లేదు. కానీ దిద్దని ప్రింటు కావాలి. నువ్వు రాసిపెట్టుకునే నోటుబుక్కు ఉంటుంది కదా, ఏ ఫొటో ఎప్పుడు, ఎంత వెలుతురులో అని, దాని నకలు కూడా పంపు. నీ పాత సెన్సర్ ఎక్కడెక్కడ అబద్ధమాడుతోందో చూస్తాను. ఓడల్లో రాడార్లు బాగుచేసి బతికినవాణ్ణి, ఆ మాత్రం తెలుస్తుంది.

ఇక్కడ గాలి ఎముకలు కొరుకుతోంది. పీతపిల్లలను ఏరుకునే పక్షులు వచ్చాయి. నీ ఫ్లాష్‌తో వాటిని తీయలేవు, పారిపోతాయి.

ఫోల్కర్


వెట్స్‌లార్,
26 అక్టోబరు

ఫోల్కర్‌కు,

నీ ఉత్తరం చదివి మొదట ఒళ్లు మండింది. రెండోసారి చదివాక సిగ్గేసింది. నా చెయ్యి ఆ పని చేసిందన్న సంగతి నువ్వు చెప్పేదాకా నాకు తోచనేలేదు. అదీ నన్ను నివ్వెరపరచింది.

నేను దాన్ని దిద్దడం అనుకోలేదు, శుభ్రం చేయడం అనుకున్నాను. నాన్న చీకటిగదిలో పదకొండో ఏట నేర్చుకున్న పని అది. ఫిల్ము మీద దుమ్ము పడితే ప్రింటు మీద తెల్లచుక్క వస్తుంది. సన్నకుంచెకు రంగు అద్ది పూడుస్తాం. యాభై ఎనిమిదేళ్లుగా తెల్లచుక్క కనబడగానే నా చెయ్యి కుంచె కోసం వెళుతుంది. ఫ్లాష్‌కు ఎర్రబడిన కళ్లను కూడా నల్లగా చేస్తాను. మనవరాలిని దయ్యంలా ఆల్బంలో అంటించలేను.

అయినా చేసినదంతా రాసిపెట్టాను. నకలు ఇది. జూన్ మొదలు ఇప్పటికి 234 ఫొటోలు. సెన్సర్ మీది పలుచని అద్దానికి చెమ్మ తగిలి మచ్చలు పడ్డాయి. ఒకటి నుంచి పదమూడు దాకా మచ్చలు నల్లవి, కొన్నింటి చుట్టూ లేత అంచు. వాటి చోటు మారదు. ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి మిల్లీమీటర్లలో కొలిచి రాశాను.

పద్నాలుగో మచ్చ వేరు. దాని పక్కన ఇలా రాసి ఉంది: "తెలుపు. ఒక్కోసారి పసుపు. చోటు మారుతుంది. దుమ్ము కావచ్చు." మొదట జూన్ 16న కనబడింది, ఆదివారం. ఇప్పటిదాకా ఇరవైమూడు ఫొటోల్లో ఉంది. రెండుసార్లు కెమెరా శుభ్రం చేయించాను, పోలేదు.

దిద్దని ప్రింట్లు మళ్లీ వేయమని దుకాణంలో ఇచ్చాను. వచ్చేవారం వస్తాయి. ఇంటిలెక్కల సంగతి గుర్తుంది. రెండు కాదు, మూడు రోజులు.

గెర్లిండె


హూజుమ్,
29 అక్టోబరు

అక్కా,

ఇది త్వరగా అందే టపాలో వేస్తున్నాను. పోటీ సంగతి పక్కన పెట్టు. నీ పద్నాలుగో మచ్చ గురించి చదివి రాత్రి భోజనం సగంలో వదిలేశాను.

ఫిల్ము మీద దుమ్ము తెల్లగా వస్తుంది, నిజమే. ఎందుకంటే ప్రింటు వేసేటప్పుడు ఆ దుమ్ము వెలుతురును అడ్డుకుని కాగితాన్ని తెల్లగా వదిలేస్తుంది. సెన్సర్ సంగతి తిరగబడుతుంది. దాని ముందు దుమ్ము పడితే అక్కడ వెలుతురు అందక నల్లగా వస్తుంది. నీ పాతదైనా, నా కొత్తదైనా అంతే. దుమ్ము తెల్లగా రానే రాదు. సెన్సర్‌లో ఒక చుక్క పాడై తెల్లగా వెలిగే మాట నిజమే గానీ, అది ఒకేచోట వెలుగుతుంది, నడవదు. లెన్సులో తప్పు ఉంటే నా ఫొటోల్లోనూ రావాలి. అదే లెన్సుతో ఆ రోజు నేను తీసిన అరవైలో ఒక్కదాంట్లోనూ లేదు.

తెల్లగా ఉంది, తిరుగుతుంది. కాబట్టి అది కెమెరా లోపలిది కాదు. కెమెరా ఎదుట ఉన్నది.

ఆ ఇరవైమూడు ఫొటోలు తీసి వరుసగా పరచు. మచ్చ ఉన్నచోట ఏమున్నదో ఒక్కొక్కటీ చూడు. నీ చూపు నాకు తెలుసు. నాకేమీ తెలియదు, భయపెట్టాలని రాయడం లేదు. కానీ అదేమిటో తెలిసేదాకా కుంచె పట్టకు.

ఫోల్కర్


గీసెన్, కంటి ఆసుపత్రి వరండా,
1 నవంబరు

ఫోల్కర్,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఫొటోలు నేల మీద పరిచాను. ఇరవైమూడూ లియోబావే. ఇరవైమూడూ ఫ్లాష్‌తో తీసినవే. అన్నింటిలోనూ మచ్చ ఒక్కచోటే ఉంది, ఆమె ఎడమ కంటిపాపలో. మిగతా 211లో లేదు. నేను కాగితం అంచు నుంచి కొలిచాను. ముఖం నుంచి కొలవలేదు. అందుకే అది తిరుగుతున్నట్టు కనబడింది.

ఎంతసేపు అలా కూర్చున్నానో రాయలేను, గడియారం చూసుకోలేదు.

తర్వాత రైలెక్కి గీసెన్ వెళ్లాను. అల్ముట్ తలుపు తీసి, చెప్పకుండా ఎందుకొచ్చావని అడిగింది. పిల్లను ఒకసారి ఇవ్వమన్నాను. మా తనిఖీ బల్ల దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ఒక్కో కన్ను మూసి పరీక్ష పెట్టేవాళ్లం. అదే చేశాను. లియోబా పాలు తాగుతుండగా ఎడమ కన్ను అరచేత్తో మూశాను. ఏమీ అనలేదు, తాగుతూనే ఉంది. కుడి కన్ను మూశాను. సీసా వదిలేసి గావుకేక పెట్టి నా చెయ్యి లాగేసింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే.

ఆ పిల్లకు ఎడమవైపు కనబడదు, ఫోల్కర్. అందుకే తల వంచి చూసేది. నేను గడ్డం పట్టి తిప్పుతూ వచ్చాను.

ఇవాళ పొద్దున్న ఇక్కడికి తెచ్చాం. ఒక యువ డాక్టరమ్మ దీపం వేసి చూసింది. చాలాసేపు చూసింది. వెళ్లి పెద్దాయనను పిలుచుకొచ్చింది. ఆయనా చూశాడు. కంటి లోపల గడ్డ ఉందని, పసిపిల్లలకు వచ్చే క్యాన్సరని, ఆ తెలుపు గడ్డ మీద పడి తిరిగొచ్చే వెలుతురని చెప్పాడు. కంటి నరం దాటి పాకిందా లేదా అన్నదే ప్రశ్న అన్నాడు. పాకకపోతే బతుకుతుంది. పాకితే ఏమిటో ఆయన చెప్పలేదు. మా అల్లుడు హెన్నింగ్ అడగలేకపోయాడు.

ఆ తర్వాత ఆయన అల్ముట్‌ను అడిగాడు, కంట్లో తెలుపు మొదట ఎప్పుడు కనబడిందని. తనెప్పుడూ చూడలేదంది. ఇంట్లో ఎవరైనా చూశారా అని అడిగాడు.

నోటుబుక్కు నా సంచిలో ఉంది. నేను నోరు తెరవలేదు.

గెర్లిండె


హూజుమ్,
5 నవంబరు

అక్కా,

మూడుసార్లు చదివాను. ఏం రాయాలో తోచక రెండు కాగితాలు చింపేశాను.

నేను చెప్పేది విను. ఆ నోటుబుక్కు సంగతి అల్ముట్‌కు చెప్పకు. అది చెబితే కన్ను తిరిగిరాదు. నీ కూతురు మాత్రం పోతుంది. డాక్టర్లకు వాళ్ల యంత్రాలున్నాయి, నీ నోటుబుక్కు అక్కర్లేదు.

ఇంకో మాట. నిన్న రాత్రి నా అరవై ఫొటోలూ తెరపై పెద్దవి చేసి చూశాను. అన్నింటిలోనూ ఆ కన్ను నల్లగా, అందంగా, బాగున్న కన్నులాగే ఉంది. ఫ్లాష్ అక్కర్లేదని విర్రవీగాను కదా. నా కొత్త సెన్సర్ ఆ మచ్చను నీ కుంచెకంటే శుభ్రంగా దాచింది. నీ పాతది ఇరవైమూడుసార్లు చెప్పింది. నేనే నీ చోట ఉంటే ఈపాటికీ మనకెవరికీ తెలిసేది కాదు. దీన్ని గుర్తుపెట్టుకో.

రమ్మంటే వస్తాను. ఒక్క మాట రాయి చాలు.

ఫోల్కర్


వెట్స్‌లార్,
24 నవంబరు

ఫోల్కర్‌కు,

నీ సలహా పాటించలేదు.

ఎనిమిదో తేదీన పెద్ద డాక్టరు మమ్మల్ని పిలిచాడు. గడ్డ ఎంత వేగంగా పెరుగుతోందో తెలిస్తే, మందుతో కన్ను కాపాడే ప్రయత్నం చేయవచ్చో, వెంటనే కన్ను తీయాలో తేల్చుకోవచ్చన్నాడు. అల్ముట్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను సంచి తెరిచి నోటుబుక్కు, దిద్దని ఇరవైమూడు ప్రింట్లు ఆయన బల్ల మీద పెట్టాను. తేదీలవారీగా సర్దాను. జూన్‌లో ఆవగింజంత, అక్టోబరులో కంటిపాప నిండా. ఏం చేశానో, ఎందుకు చేశానో ఆ గదిలో అందరికీ వినబడేటట్టు చెప్పాను. సంజాయిషీ ఏమీ కలపలేదు.

డాక్టరు వాటిని వరుసగా చూశాడు. పెరుగుదల ఇంత స్పష్టంగా తానెప్పుడూ చూడలేదన్నాడు. మందుకు సమయం లేదని, వచ్చే వారమే కన్ను తీయాలని తేల్చాడు. నేను ఒక్క ప్రశ్న అడిగాను, జూన్‌లో తెచ్చి ఉంటే ఏమయ్యేదని. ఆయన ప్రింట్లు సర్దబోయాడు. నాకు సరైన జవాబు కావాలన్నాను.

"జూన్‌లో అయితే కన్ను దక్కి ఉండేదేమోనండి. క్రిస్మస్ దాకా ఆగి ఉంటే పిల్ల దక్కేది కాదేమో."

అల్ముట్ ఒక ప్రింటు చేతిలోకి తీసుకుంది. జ్ఞానస్నానం నాటిది.

"జూన్ పదహారు నుంచా, అమ్మా?"

అవునన్నాను.

"ఇరవైమూడుసార్లా?"

అవునన్నాను. ప్రింటు బల్ల మీద బోర్లా పెట్టి లేచి వెళ్లిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. పదమూడున ఆపరేషన్ జరిగింది. నేను వరండాలో ఆ చివర, వాళ్లిద్దరూ ఈ చివర కూర్చున్నాం. మొన్న పరీక్ష ఫలితం వచ్చిందని హెన్నింగ్ చీటీ రాసి పంపాడు. నరం శుభ్రంగా ఉంది. గడ్డ దాటలేదు. లియోబా బతుకుతుంది.

ఆ చీటీ చదివి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. నాకు డెబ్బై ఏళ్లు వస్తున్నాయి, నేల మీద కూర్చుని ఎన్నాళ్లయిందో. లేవడానికి కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది, లియోబాలాగా.

నా సెన్సర్ ఇరవైమూడుసార్లు చెప్పిందన్నావు. నన్ను ఓదార్చాలని రాశావు, కానీ అది ఓదార్పు కాదు. అది చెప్పింది, నేను చెరిపాను. ఉన్నది ఉన్నట్టు రాయాలి.

నువ్వు రావద్దు. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేరు.

గెర్లిండె


హూజుమ్,
2 డిసెంబరు

అక్కా,

నరం శుభ్రంగా ఉందన్న వాక్యం దగ్గర ఆగి, కోటు వేసుకుని సముద్రపు కట్ట దాకా వెళ్లొచ్చాను. ఇంట్లో నిలబడలేకపోయాను.

నాది తప్పుడు సలహా. నోటుబుక్కు దాచి ఉంటే వాళ్లు మందు ప్రయత్నిస్తూ కూర్చునేవాళ్లు. రాడార్లు బాగుచేసినవాణ్ణి నేను. తెర మీద చుక్కను తుడిచేయమన్నాను.

అల్ముట్‌కు రాశాను, నీ గురించి కాదు. నా అరవై ఫొటోల గురించి. ఆమె నీలాంటిదే అక్కా, కానీ ఇది మూడు రోజులతో తీరే కోపం కాదు. ఓపిక పట్టు.

ఫోల్కర్


వెట్స్‌లార్,
21 ఫిబ్రవరి 2014

తమ్ముడు ఫోల్కర్‌కు,

నిన్న లియోబాకు గాజు కన్ను పెట్టించారు. పొద్దున్న ఏడింటికి హెన్నింగ్ ఫోన్ చేసి, నాకు వినబడదని గుర్తొచ్చి, కారేసుకుని వచ్చాడు. అల్ముట్ రమ్మందన్నాడు. ఎందుకని అడిగితే తనకు చెప్పలేదన్నాడు. మూడు నెలల తర్వాత ఆమె పంపిన మొదటి కబురు అది.

కళ్లు చేసే మనిషి తూరింగియా నుంచి ఆసుపత్రికి వస్తాడు, నెలకు రెండు రోజులు. వాళ్ల తాత, తండ్రి అందరిదీ అదే పని. లియోబాను అల్ముట్ ఒళ్లో కూర్చోబెట్టి, కుడి కన్ను చూస్తూ, గ్యాసు మంట మీద గాజుగొట్టం తిప్పుతూ ఊదాడు. తెల్లటి గోళం అయింది. దాని మీద రంగు గాజుపుల్లలతో గోధుమరంగు గీతలు ఒక్కొక్కటే పొదిగాడు, కుడి కంట్లో ఉన్నవి ఉన్నట్టు. నలభై నిమిషాలు పట్టింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, ఎవరూ కూర్చోమనలేదు.

కన్ను చల్లారాక ఆయన పళ్లెంలో పెట్టాడు. అప్పుడు అల్ముట్ నా వైపు చూడకుండానే అంది:

"అమ్మా, నువ్వు చూడు."

బల్ల దగ్గరికి వెళ్లి, దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని దీపానికి ఎదురుగా తిప్పాను. ముప్పై ఒక్క ఏళ్లు చేసిన పనే. చాలా మంచి పని. ఒక్కటి కనబడింది. వెనక అంచు లోపల, సూదిమొనలో సగం ఉండే బుడగ. ఎవరికీ కనబడదు. రెప్ప కింద ఉండిపోతుంది. ఆ మనిషి మూడు తరాల పనివాడు, గది నిండా జనం, పిల్ల నిద్రకు ఏడుస్తోంది. బాగుందని పెట్టేయవచ్చు.

ఈసారి చెప్పాను.

ఆయన భూతద్దం తీసుకుని చాలాసేపు వెతికాడు. దొరికింది. ఎర్రబడి, "అమ్మగారూ, ఇరవై ఏళ్లలో నా పనిలో తప్పు పట్టింది మా నాన్న ఒక్కడే," అన్నాడు. అంచు అక్కడ పగిలే అవకాశం ఉందా అని అల్ముట్ అడిగింది. వెయ్యింటిలో ఒకటి అన్నాడు. అంటూనే మంట మళ్లీ వెలిగించాడు. ఇంకో నలభై నిమిషాలు. అల్ముట్ కాలితో ఒక కుర్చీ నా వైపు జరిపింది. కూర్చున్నాను.

రెండోదాంట్లో ఏమీ లేదు. పెట్టారు. లియోబా రెండుసార్లు రెప్పలు కొట్టి, చేతికి అందిన నా కళ్లద్దాలు లాగింది. తల వంచి చూసింది. నేను గడ్డం ముట్టుకోలేదు.

బయటికి వచ్చాక, కెమెరా తెచ్చావా అని అల్ముట్ అడిగింది. సంచిలో ఉంది, అక్టోబరు నుంచి బయటికి తీయలేదు. వరండాలో వెలుతురు బాగానే ఉందన్నాను, ఫ్లాష్ అక్కర్లేదని.

"ఫ్లాష్ వెయ్యి. దిద్దకుండా నాకు ఇవ్వు."

జూన్ నుంచి లెక్కిస్తే అది 235వ ఫొటో. నోటుబుక్కులో ఇలా రాశాను: ఫ్లాష్‌తో. ఎడమ కన్ను గాజు, నలుపు. కుడి కన్ను ఎరుపు. మచ్చ లేదు. దిద్దలేదు.

బాగున్న కన్ను ఫ్లాష్‌కు ఎర్రగానే పడుతుందని డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్లూ ఆ ఎరుపునే పనిగట్టుకుని చెరుపుతూ వచ్చాను. జబ్బు రెండో కంటికి వచ్చే ప్రమాదం ఉందట, తక్కువే గానీ ఉందట. ఆసుపత్రివాళ్లు వాళ్ల లెక్క ప్రకారం చూస్తారు. మధ్యలో ప్రతి నెలా మొదటి ఆదివారం నేను రావాలని, ఫొటో తీయాలని అల్ముట్ చెప్పింది. అడగలేదు, చెప్పింది.

లెన్సు డిసెంబరు ఒకటిన నీకు పంపాల్సింది. పంపలేదు, ఇక ఇప్పట్లో పంపను. షరతు తప్పుతున్నానని రాసి పెట్టుకో. నీ కొత్త కెమెరాకు వేరే లెన్సు కొనుక్కో. నా దాంట్లో పదమూడు మచ్చలున్నాయి, చీకట్లో ఇసుక పడుతుంది, ఫ్లాష్ లేనిదే పనిచేయదు. ఆ పిల్లకు ప్రస్తుతం అదే కావాలి.

ప్రతి నెలా ఆ ఆదివారం తర్వాత నీకు ఒక కార్డు వస్తుంది. అందులో ఒక్క మాటే ఉంటుంది, ఎరుపు అని. వేరే ఏమైనా రాసి ఉంటే రైలెక్కు.

నీ అక్క,
గెర్లిండె